రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత గర్భం దాల్చవచ్చా?

ప్రశ్న: నా వయసు 32. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మూడేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ రెండో దశలో బయటపడింది. విశాఖపట్నంలో ఆపరేషన్, కీమో, రేడియేషన్ చేశారు. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ (హార్మోన్ల ప్రభావంతో పెరిగే రకం) అని చెప్పి, ఆ ప్రభావాన్ని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర ఇచ్చారు, రెండేళ్లుగా వాడుతున్నాను. నెలసరి మళ్లీ వస్తోంది. పిల్లలు లేరు. గర్భం వస్తే జబ్బు తిరగబెడుతుందని మా అత్తగారి భయం. మాత్ర ఆపి ప్రయత్నించవచ్చా?

జవాబు: ప్రయత్నించవచ్చు, కానీ మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. మీ అత్తగారి భయం మీ మీద ప్రేమతో వచ్చినదే అయినా, గర్భం వల్ల ఈ జబ్బు తిరగబెడుతుందని అధ్యయనాల్లో రుజువు కాలేదు. మీలాగే హార్మోన్ పాజిటివ్ రొమ్ము క్యాన్సర్ వచ్చి, 18 నుంచి 30 నెలల పాటు మాత్రలు వాడాక, పిల్లల కోసం రెండేళ్ల వరకు విరామం తీసుకున్న 42 ఏళ్లలోపు స్త్రీలపై జరిగిన 'పాజిటివ్' అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మూడేళ్లలో వారిలో 8.9 శాతం మందికి జబ్బు తిరగబెట్టగా, విరామం లేకుండా చికిత్స పొందినవారిలో అది 9.2 శాతం. అయితే ఈ రకం క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా తిరిగి రాగలదు కాబట్టి, మూడేళ్ల లెక్కను చూసి పూర్తిగా నిశ్చింతగా ఉండకూడదు. కాన్పు తర్వాత మాత్రను మళ్లీ మొదలుపెట్టి మిగిలిన కాలం పూర్తి చేయడం తప్పనిసరి.

ముందుగా బయాప్సీ రిపోర్టుతో సహా ఫైలంతా తీసుకుని మీ క్యాన్సర్ వైద్యులను కలవండి. చంకలోని గ్రంథులకు జబ్బు ఎక్కువగా పాకి ఉంటే వారు మరికొంత కాలం ఆగమనవచ్చు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్-రే) వంటి పరీక్షల్లో జబ్బు జాడ లేదని తేలాకే మాత్ర ఆపిస్తారు. టామోక్సిఫెన్ గర్భస్థ శిశువుకు హాని చేయగలదు కనుక, ఆపిన తర్వాత కూడా మూడు నెలలు ఆగాలి. అప్పటిదాకా కండోమ్ గానీ కాపర్-టీ గానీ వాడండి, హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు మీకు పనికిరావు.

కీమోలో డాక్సోరుబిసిన్ అనే మందు ఇచ్చి ఉంటే, గుండె పనితీరు చూసే ఎకో పరీక్ష చేయించుకోవాలి. గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. ఆ మందు వల్ల బలహీనపడిన గుండె ఆ భారాన్ని తట్టుకోలేకపోవచ్చు. కీమో తర్వాత నెలసరి వస్తున్నంత మాత్రాన అండాలు మునుపటిలాగే ఉన్నాయనుకోలేం. ఆరు నెలల ప్రయత్నం ఫలించకపోతే సంతాన సాఫల్య నిపుణులను కలవండి, ఎందుకంటే మీ విరామానికి గడువుంది.

ఎప్పుడో ముగిసిన కీమో వల్ల బిడ్డకు లోపాలు రావు, క్యాన్సర్ కూడా తల్లి నుంచి నేరుగా బిడ్డకు సోకదు. ఇంత చిన్న వయసులో వచ్చింది కనుక బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (వంశపారంపర్యంగా రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు లోపం ఉందేమో చూసే పరీక్ష) గురించి అడగండి. దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి భార్యాభర్తలిద్దరూ ఆ పరీక్ష కూడా చేయించుకోండి. గర్భానికి కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి.

క్యాన్సర్ వైద్యం విశాఖలో, నెలనెలా గర్భిణి పరీక్షలు పర్లాకిమిడిలోనో బరంపురంలోనో జరిగితే, ఒకరు రాసింది మరొకరికి తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రతిచోటా అదే ఫైలు చూపించండి. కాన్పయ్యాక ఆపరేషన్ జరగని రొమ్ము నుంచి పాలివ్వవచ్చు, కానీ టామోక్సిఫెన్ మళ్లీ మొదలుపెట్టే ముందు పాలు మాన్పించాలి.