షూర్ వి15 టైప్ 3 సూది: వినడానికి బాగానే ఉన్నా మార్చాలా?

మీ నాన్నగారి నుంచి వచ్చిన షూర్ వి15 టైప్ 3 కార్ట్రిడ్జ్‌తో (రికార్డ్ ప్లేయర్ చేతి కొసన సూదిని పట్టుకుని, దాని కదలికను ధ్వని సంకేతంగా మార్చే భాగం) ఆరేళ్ళుగా వారానికి ఒకటి రెండు ఎల్పీలు వింటున్నారనీ, సూది ఒక్కసారి కూడా మార్చలేదనీ రాశారు. పాట ఇంకా బాగానే వినిపిస్తోంది కాబట్టి చెడినట్టు తెలిశాక మార్చుకుంటే సరిపోతుందా, లేక మొత్తం కార్ట్రిడ్జే కొత్తది కొనాలా అని అడిగారు. కార్ట్రిడ్జ్‌ను తప్పకుండా ఉంచుకోండి, సూదిని మాత్రం ఇప్పుడే మార్చండి. ఇదే కార్ట్రిడ్జ్ మా మేనమామగారి దగ్గర నుంచి నాకు వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఈ కాలంలో దానికి మూడు సూదులు మార్చాను. మొదటి సూదిని మాత్రం చెవికి తేడా తెలిసేదాకా వాడాను, అందుకు ఒక మంచి రికార్డు బలైపోయింది.

అది మామయ్య కొనిపెట్టుకున్న కర్ణాటక వయొలిన్ ఎల్పీ. రెండో వైపు చివర ఒక తిల్లానా ఉంటుంది, దాన్ని నేను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్క లేదు. ఒక రోజు తారస్థాయిలో కమాను లాగిన చోట స్వరం అంచు చీలినట్టు, సన్నని గరగరతో వినిపించింది. రికార్డు పాతబడిందనుకొని మరికొన్ని నెలలు అదే సూదితో విన్నాను. తరువాత కొత్త సూది పెట్టి ఎంతో ఆశగా అదే తిల్లానా వేస్తే మిగతా వైపంతా తేటగా వినిపించింది గానీ, ఆ చివరి రెండు నిమిషాల గరగర మాత్రం అలాగే ఉండిపోయింది. అరిగిన సూది గాడి గోడల మీద చేసిన గాయం అది. సూది మళ్ళీ దొరుకుతుంది, ఆ ముద్రణ మాత్రం నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే నేను తొందరపెట్టడానికి కారణం మీకు అర్థమవుతుంది. నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో రికార్డు గంటకు 2,000 సార్లు తిరుగుతుంది. గాడి సగటు వ్యాసార్థం 10 సెంటీమీటర్లనుకుంటే సూది గంటకు సుమారు కిలోమీటరుంపావు దూరం గాడిలో ఒరుసుకుంటూ పోతుంది. వారానికి ఒక్క గంట చొప్పున లెక్కవేసినా మీ ఆరేళ్ళకు 312 గంటలు, అంటే దాదాపు 390 కిలోమీటర్లు. విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా ఉన్న రోడ్డు కన్నా ఎక్కువ. సూది కొస వజ్రమే అయినా ఆ రాపిడికి రెండు పక్కలా కొద్దికొద్దిగా చదునవుతుంది. చదునైన చోటికీ గుండ్రని చోటికీ మధ్య ఏర్పడే అంచు ఉలిలా పనిచేసి, తారస్థాయి స్వరాలు చెక్కి ఉన్న అతి సన్నని వంకరలను గీకేస్తుంది. మార్పు రోజురోజుకూ రవ్వంతగా వస్తుంది కాబట్టి చెవి దానికి అలవాటు పడిపోతుంది. అందుకే ఈ విషయంలో మన చెవి చెప్పే సాక్ష్యాన్ని నమ్మవద్దంటున్నాను.

నష్టం ముందుగా రికార్డు లోపలి అంచు దగ్గర బయటపడుతుంది. వెలుపలి అంచున సూది కింద గాడి సెకనుకు 50 సెంటీమీటర్లు కదిలితే, లోపలి అంచుకు వచ్చేసరికి 21 సెంటీమీటర్లే కదులుతుంది, అంటే అంతే సంగీతం సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది. కాబట్టి ప్రతి వైపూ చివరి పాటను శ్రద్ధగా వినండి. పాడేవారి స, శ, చ అక్షరాలు ఉమ్మినట్టు వినిపిస్తే మొదటి అనుమానం సూది మీదే ఉండాలి.

అయితే అనుమానం రాగానే డబ్బు ఖర్చు చేయవద్దు. సూది కొసకు పట్టిన దుమ్ము ఉండ కూడా సరిగ్గా ఇలాగే వినిపింపజేస్తుంది. మెత్తని పొడి బ్రష్‌తో వెనక నుంచి ముందుకు, అంటే రికార్డు తిరిగే దిశలోనే, రెండు మూడు సార్లు తుడవండి. పక్కలకు గానీ ముందు నుంచి వెనక్కి గానీ ఎప్పుడూ తుడవకండి. వజ్రం జిగురుతో అతికి ఉంటుంది కాబట్టి స్పిరిట్ వంటి ద్రవాలు నేను వాడను. తుడిచాక ఒక యూఎస్‌బీ సూక్ష్మదర్శిని కింద 200 రెట్లకు పెంచి, పక్క నుంచి వెలుతురు వేసి చూడండి. గుండ్రంగా ఉన్న వజ్రం మీద వెలుతురు ఒక చుక్కలా మెరుస్తుంది. అరిగిన దాని మీద రెండు పక్కలా చిన్న అద్దపు బిళ్ళలు అతికించినట్టు చదునైన మెరుపు కనిపిస్తుంది. నా పాత సూదిని మొదటిసారి అలా చూసినప్పుడు, ఇన్నాళ్ళు దీన్నా గాడిలో దించానని మనసు చివుక్కుమంది.

గంటల లెక్క విషయానికి వస్తే, ఆడియో టెక్నికా సంస్థ కోన్ ఆకారపు సూదికి 500 గంటలు, దీర్ఘవృత్తాకారపు సూదికి 300, ఇంకా సన్నగా చెక్కిన కొసలైన షిబాటాకు 800, మైక్రోలీనియర్‌కు 1,000 గంటలు అని చెబుతుంది. మీ షూర్‌తో వచ్చిన అసలు సూది, వీఎన్35ఈ, దీర్ఘవృత్తాకారానిది. గాడి గోడలను తాకే దాని అంచు వ్యాసార్థం 5 మైక్రాన్లే. ఈ లెక్క ప్రకారం మీ సూది వయసు ఇప్పటికే దాటిపోయింది, పైగా నాన్నగారు విన్న గంటలు ఇందులో కలపనే లేదు.

ఇక ఏ సూది కొనాలన్నది. షూర్ సంస్థ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ మానుకుంది కాబట్టి కొత్తగా తయారైన అసలు సూది దొరకదు. పెట్టె విప్పని పాత సరుకు అంటూ అమ్మేవి కనిపిస్తాయి గానీ వాటిని నేను సిఫారసు చేయను; వజ్రం అరగకపోయినా కాంటిలీవర్‌ను, అంటే వజ్రాన్ని మోసే సన్నని కడ్డీని, పట్టి ఉంచే రబ్బరు నలభై యాభై ఏళ్ళలో గట్టిపడిపోతుంది. ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు అసలుదని చెప్పి పంపిన సూదిని సూక్ష్మదర్శిని కింద చూస్తే అది మామూలు కోన్ ఆకారపుది, పైగా కాంటిలీవర్ ఒక పక్కకు వాలి ఉంది. నేను నమ్మేది జపాన్‌లోని జికో సంస్థ సూదులను. హ్యోగో ప్రాంతంలో 1873లో కుట్టు సూదులతో మొదలైన సంస్థ అది. వారి ఎస్ఏఎస్ రకం కొస చాలా సన్నగా ఉండి, గాడి లోపలి వంకరలను అసలు సూది కన్నా వివరంగా చదువుతుందని నా అనుభవం. ధర ఎక్కువే, అయినా కొత్త హైఎండ్ కార్ట్రిడ్జ్ ధరతో పోలిస్తే తక్కువే పడుతుంది. కార్ట్రిడ్జ్ లోపలి తీగచుట్లు అరిగేవి కావు. రెండు చానళ్ళూ సమానంగా పలుకుతున్నంత కాలం దాన్ని పారేయవలసిన పని లేదు.

మార్చడం అసలు కష్టం కాదు, కానీ తొందర పనికిరాదు. ఆంప్లిఫయర్ ఆపండి. హెడ్ షెల్ (కార్ట్రిడ్జ్‌ను బిగించిన తొడుగు) ఊడి వచ్చే రకమైతే దాన్ని తీసి, తెల్లని కాగితం పరచిన బల్ల మీద పెట్టుకోండి. కార్ట్రిడ్జ్ ఒంటిని ఎడమ చేతితో పట్టుకుని, సూదికి పైనున్న ప్లాస్టిక్ పట్టును కుడి చేతి బొటనవేలు, చూపుడువేలుతో రెండు పక్కలా పట్టుకుని, కిందికి వంచకుండా తిన్నగా ముందుకు లాగండి. కొద్దిగా బిగువుగా కదిలి, తరువాత ఒక్కసారిగా తేలికవుతుంది. కొత్తదాని వెనక ఉన్న చిన్న గొట్టాన్ని ఒంటిలోని రంధ్రానికి ఎదురుగా నిలిపి, సందు లేకుండా ఆనేదాకా మెల్లగా నెట్టండి. ఈ పనంతటిలో వేలు గానీ చొక్కా చేతి అంచు గానీ కాంటిలీవర్‌కు తగలకూడదు. అది వెంట్రుకంత సుకుమారం.

సూది మారాక పాత అమరికే సరిపోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కొత్త కాంటిలీవర్ పొడవు, వాలు కొద్దిగా తేడాగా ఉండవచ్చు కాబట్టి ప్రొట్రాక్టర్ (అమరిక కొలిచే గీతల పలక) మీద ఓవర్‌హ్యాంగ్, అంటే సూది కొస రికార్డు మధ్య కడ్డీని దాటి ఎంత ముందుకు వస్తుందో, మళ్ళీ చూసుకోండి, ముఖ్యంగా సన్నని కొస ఉన్న సూదులకు ఈ అమరికలో చిన్న తప్పు కూడా వినిపిస్తుంది. తరువాత సూది రికార్డు మీద మోపే బరువును డిజిటల్ త్రాసుతో కొలవండి. అసలు సూదికి షూర్ చెప్పింది 0.75 నుంచి 1.25 గ్రాములు, కొత్త సూదికి దానితో వచ్చిన కాగితంలోని అంకెనే పాటించండి. రికార్డుకు మేలు చేస్తున్నామని బరువు మరీ తగ్గిస్తే సూది గాడిలో నిలవక గోడలకు కొట్టుకుంటుంది, అది బరువు కొంచెం ఎక్కువవడం కన్నా ఎక్కువ హాని. యాంటీ స్కేటింగ్‌ను, అంటే చేయి లోపలి వైపుకు జారకుండా ఆపే అమరికను, ఆ కొత్త బరువుకు తగ్గట్టు మార్చండి.

మీరు ఉత్తరం చివర్లో ప్రస్తావించిన డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్ సంగతి వేరు. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె కోసం 1962లో రూపొందిన ఆ మూవింగ్ కాయిల్ రకంలో తీగచుట్లు కాంటిలీవర్‌కే ఉంటాయి కాబట్టి సూదిని ఇంట్లో మార్చలేము. నిపుణుడికి పంపి వజ్రాన్ని తిరిగి అతికించుకోవాలి, లేదా కొత్తది కొనుక్కోవాలి.

కొత్త సూది పెట్టిన తేదీని ఒక చీటీ మీద రాసి టర్న్‌టేబుల్ మూత లోపల అంటించుకోండి, ఒక్కో వైపు విన్నప్పుడల్లా దాని మీద ఒక గీత గీయండి. మూడు గీతలను ఒక గంటగా లెక్కించండి. మొదటి ఇరవై గంటల్లో రబ్బరు సర్దుకున్నాక బరువు మరోసారి కొలవండి, వంద గంటలకోసారి సూక్ష్మదర్శిని కింద చూడండి. ఈ లోగా మీకు ప్రాణప్రదమైన రికార్డులేవైనా ఉంటే కొత్త సూది వచ్చేదాకా వాటిని పాత సూది కింద పెట్టకండి.