టోక్యోలో ఒక్క రోజే ఉంటే ఏం చూడాలి, ఏం కొనాలి? కప్పాబాషి వెళ్ళి ఒక కత్తి కొనండి

టోక్యోలో ఒక్క రోజే ఖాళీ దొరుకుతుంది, ఏం చూడాలి, షాపింగ్ ఎక్కడ చేయాలి అని అడిగారు. పది చోట్ల పేర్లు రాసుకుని పరుగెత్తకండి. పొద్దున సెన్సోజి గుడి ఉన్న అసాకుసా, మధ్యాహ్నం వంటింటి సామాన్ల వీధి కప్పాబాషి. ఈ రెండూ చాలు. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచే వెళ్ళొచ్చు.

నేను వెళ్ళింది టూర్ ప్యాకేజీలో. ఐదు రోజులు బస్సు దిగడం, ఫొటో తీసుకోవడం, మళ్ళీ ఎక్కడం. ఒక్కో చోట నలభై నిమిషాలు. రాత్రి హోటల్లో ఫోన్ తీసి చూసుకుంటే గానీ ఏ గుడి ఎక్కడిదో గుర్తు రాలేదు. అంత డబ్బు పోసి అలా తిరిగినందుకు ఇప్పటికీ బాధేస్తుంది. ఆరో రోజు ఫ్రీ డే అన్నారు. మా బృందమంతా చాక్లెట్లు, క్రీములు కొనడానికి వెళ్ళింది. నేనొక్కణ్ణే గింజా లైన్ మెట్రో ఎక్కి చివరి స్టేషన్ అసాకుసాలో దిగాను.

అక్కడి సెన్సోజి గుడికి ఎనిమిది లోపే వెళ్ళండి. పది దాటితే గుడికి వెళ్ళే నకామిసే షాపుల వీధిలో కాలు పెట్టే చోటుండదు. ముందున్న కామినారిమోన్ గేటు 1865లో అగ్నిప్రమాదంలో కాలిపోతే, దాదాపు వందేళ్ళు అక్కడ శాశ్వతమైన గేటు లేదు. పానసోనిక్ స్థాపకుడు మత్సుషిత కోనోసుకే తన జబ్బు నయమైందని, మనవాళ్ళు మొక్కు తీర్చుకున్నట్టే, 1960లో మళ్ళీ కట్టించి ఇచ్చాడు. అక్కడ వేలాడే ఎర్ర లాంతరు దాదాపు 700 కిలోలు. అందరూ దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతారు. మీరు సరిగ్గా దాని కిందికెళ్ళి తల పైకెత్తండి, అడుగున చెక్కిన డ్రాగన్ కనిపిస్తుంది.

శాకాహారులైతే తిండి దగ్గర జాగ్రత్త. కూరగాయల సూప్ అన్నా సరే, అందులో తరచూ ఎండు చేపల రసం ఉంటుంది. నేను కన్వీనియన్స్ స్టోర్‌లో ఉమెబోషి పెట్టిన ఒనిగిరి కొనుక్కున్నాను. అన్నం ముద్ద మధ్యలో ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు. మన నిమ్మకాయ ఊరగాయలో కారం తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది, ప్రాణం లేచొచ్చింది. తిన్నాక ఆ కవరు వేయడానికి చెత్తబుట్ట కోసం ఎంత దూరం తిరిగానో! చివరికి జేబులోనే పెట్టుకున్నాను. అంత శుభ్రమైన ఊళ్ళో చెత్తబుట్టలు ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

ఇక కప్పాబాషి. దాదాపు 800 మీటర్ల పొడవునా వంటింటి సామాన్ల షాపులే. హోటళ్ళవాళ్ళు గిన్నెలు, గరిటెలు, అద్దాల వెనక పెట్టుకునే ప్లాస్టిక్ తిండి నమూనాలు కొనేది ఇక్కడే. వీధి మొదట్లో ఒక బిల్డింగ్ మీద పెద్ద వంటవాడి తల బొమ్మ ఉంటుంది, దారి తప్పరు.

నేనొక చిన్న కత్తుల షాపులోకి వెళ్ళాను. డెబ్బై ఏళ్ళుంటాయేమో పెద్దాయనకి. మంచి కత్తి చూపించమంటే చూపించలేదు, ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎవరికి? అమ్మకి. కుడిచేయా, ఎడమచేయా? కుడి. ఏం కోస్తుంది? ఉల్లిపాయలు, వంకాయలు, నిమ్మకాయలు, మామిడికాయలు అని చెప్పాను. పులుపు మాట వినగానే చేతిలో ఉన్న కార్బన్ స్టీల్ కత్తిని లోపల పెట్టేశాడు. అది బాగా పదును నిలుస్తుందట గానీ పులుపు తగిలితే నల్లబడుతుంది, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్‌లో 165 మిల్లీమీటర్ల సాంతోకు తీశాడు. మాంసం, చేప, కూరగాయలు మూడింటికీ పనికొచ్చే ఇంటి కత్తి అది.

ఇప్పుడు ఎలా కోస్తుందని అడిగితే, అమ్మ కత్తిపీట మీద కూర్చున్న ఫొటో చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. కాలితో పీటని తొక్కిపట్టి, కాయనే కత్తి మీదికి నెడతామని నేను అభినయించి చూపిస్తే, లోపల్నుంచి ఇంకొకతన్ని పిలిచి అతనికీ చూపించాడు. పనిముట్టంటే అంత గౌరవం ఉన్నవాళ్ళు ప్రపంచంలో జపాన్‌వాళ్ళే, ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

కత్తి మీద పేరు చెక్కిస్తారు. "అమ్మ" అని చెక్కమన్నాను. ఆయన ఆగి, "అన్‌మా" అంటే తమ భాషలో మర్దన అని తన భుజాలు నొక్కుకుని చూపించాడు. తర్వాత కాగితం మీద ఒక్క అక్షరం రాసి "హహ" అన్నాడు. అమ్మ అని. ఆ అక్షరంలో రెండు చుక్కలుంటాయి, అవి తల్లి స్తనాలట. చిన్న ఉలి, సుత్తితో టక్ టక్ మని చెక్కి, ఊది, గుడ్డతో తుడిచి రెండు చేతులతో ఇచ్చాడు. ఎముకలు, కొబ్బరి చిప్ప దీంతో కొట్టొద్దని, అంచు పెచ్చు లేస్తుందని రెండుసార్లు చెప్పాడు.

13,000 యెన్లు అయింది. పాస్‌పోర్ట్ ఉంటే అప్పట్లో అక్కడికక్కడే 10 శాతం పన్ను తీసేసేవాళ్ళు. మా టూర్ గైడ్ పాస్‌పోర్టులు హోటల్లో పెట్టి వెళ్ళమన్నాడు, నమ్మి పెట్టేశాను. అసలు జపాన్‌లో టూరిస్టు పాస్‌పోర్ట్ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని చట్టమే ఉంది. గైడ్ పని చేసేవాళ్ళకి ఆ మాత్రం తెలియకపోతే ఎలా? మీరు మాత్రం వెంట తీసుకెళ్ళండి. కత్తిని చెక్-ఇన్ లగేజీలోనే వేయండి, చేతి సంచీలో పెడితే ఎయిర్‌పోర్టులో లాగేసుకుంటారు.

అమ్మ ఇప్పటికీ బెండకాయలు కత్తిపీట మీదే కోస్తుంది. ఉల్లిపాయలు, టమాటాలు మాత్రం దీంతోనే. వాడాక కడిగి, తుడిచి, అదే అట్టపెట్టెలో పెడుతుంది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. మొన్న దసరాకి ఆయుధ పూజలో కత్తిపీట పక్కనే దీన్నీ పెట్టి, ఆ రెండు చుక్కల అక్షరం మీద కుంకుమ బొట్టు పెట్టింది.

అన్నట్టు, ఆదివారం వెళ్ళకండి. చాలా షాపులు మూసేస్తారు. మిగతా రోజుల్లో కూడా సాయంత్రం ఐదింటికల్లా షట్టర్లు దించేస్తారు, మధ్యాహ్నం రెండింటికే అక్కడుండేలా చూసుకోండి.