మా బాబు స్క్వాష్‌ని కెరీర్‌గా తీసుకోవచ్చా?

హైదరాబాద్‌లో పదిహేనేళ్ల బాబు, స్టేట్ లెవెల్లో గెలుస్తున్నాడు, ప్రొఫెషనల్‌గా బతకగలడా అని అడిగారు. ఆట సంగతి తర్వాత, ముందు డబ్బు లెక్క చూడండి.

పీఎస్ఏ అంటే ప్రొఫెషనల్ స్క్వాష్ టూర్ నడిపే సంస్థ. అందులో కింది మెట్లలో ఒకటి ఛాలెంజర్ 3 టోర్నీ. టోర్నీ మొత్తానికీ ప్రైజ్ మనీ 3 వేల డాలర్లు, డ్రాలో ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. మొదటి రౌండ్లో ఓడితే విమానం టికెట్టు మాట అటుంచండి, హోటల్ బిల్లు కూడా రాదు. రెండు మూడేళ్లు చేతి డబ్బు పోతుందని అనుకునే దిగాలి. కాబట్టి ఒకే టికెట్టు మీద, ఒకే ప్రాంతంలో వరసగా రెండు మూడు టోర్నీలు పడేలా చూసుకోండి. ర్యాంకింగ్ పాయింట్లు ఏడాదికి రాలిపోతాయి కదా అని గాయంతోనే ఆడించడం చాలామంది చేసే తప్పు. ఒకప్పటి వరల్డ్ నంబర్ వన్, ఈజిప్ట్ ఆటగాడు రామీ అషూర్ అంతటివాడు గాయాలతో 2019లో, 31 ఏళ్లకే ఆపేశాడు. గాయాలు రాకూడదంటే ఇది గమనించండి: బంతి కోసం ముందుకు చాచిన కాలు మడమతో ఆని, మోకాలు పాదం వైపే ఉంటోందా, లోపలికి వాలుతోందా? వీడియో తీసి చూడండి.

ఇక టిన్, అంటే ముందు గోడ అడుగున ఉండే పట్టీ. బంతి దానికి తగిలితే పాయింటు పోయినట్టే. దాని ఎత్తు క్లబ్ కోర్టులో నేల నుంచి 48 సెంటీమీటర్లు, ప్రొఫెషనల్ మ్యాచ్‌లో 43. ఆ అయిదు సెంటీమీటర్లే ప్రాణం తీస్తాయి. 48కి అలవాటుపడ్డ చేతి డ్రాప్ (ముందు గోడ దగ్గరే పడేలా మెల్లగా కొట్టే షాట్) కాస్త ఎత్తున తగిలి బంతి లేస్తుంది. అవతలివాడిది మాత్రం నేలకి అతుక్కుపోతుంది. మనవాడు ఒక అడుగు వెనకే ఉంటాడు. టేపు తీసుకెళ్లి మీ కోర్టు కొలవండి. వారానికి రెండు రోజులైనా 43 టిన్ మీద ఆడించాలి.

ఆదాయం ఎక్కువగా పక్కదారుల్లోనే: యూరప్ క్లబ్ లీగుల మ్యాచ్ ఫీజు, కోచింగ్, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. నా ఓటు మాత్రం చదువుకే. ఈజిప్ట్ ఆటగాడు అలీ ఫరాగ్ హార్వర్డ్‌లో ఇంజనీరింగ్ చేశాకే వరల్డ్ నంబర్ వన్ అయ్యాడు. మన రమిత్ టండన్ కొలంబియాలో చదివి, న్యూయార్క్‌లో ఉద్యోగం చేసి మరీ టూర్‌కి వచ్చాడు. సౌరవ్ ఘోషల్ కూడా లీడ్స్‌లో డిగ్రీ చేసినవాడే. 2019లో ప్రపంచ ర్యాంకింగ్‌లో టాప్ 10లోకి వెళ్లాడు. అమెరికా కాలేజీ ఆలోచన ఉంటే, ప్రైజ్ మనీ ఒక్క డాలరైనా తీసుకునే ముందు అక్కడి అమెచ్యూర్ నిబంధనలు (డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లకి పెట్టినవి) ఏమిటో కాలేజీ కోచ్‌కి మెయిల్ పెట్టి అడగండి. టెన్త్ మార్కులు కూడా అందులోనే రాయండి, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.