అంజీర్ రోజూ తినొచ్చా? షుగర్ ఉన్నవాళ్లు తింటే ఏమవుతుంది?

తినొచ్చు, కానీ లెక్కగా. 100 గ్రాముల ఎండు అంజీర్‌లో దాదాపు 10 గ్రాముల పీచు, 160 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. మలబద్ధకానికి ఉపయోగపడేది ఆ పీచే. రాత్రి రెండు పండ్లు నానబెట్టి, పొద్దున్నే ఆ నీళ్లతో సహా తినండి.

అయితే అదే 100 గ్రాముల్లో సగానికి దగ్గరగా, అంటే సుమారు 48 గ్రాములు చక్కెరే. నెల్లూరులో మా నాన్న షుగర్ వచ్చాక మలైకాజా మానేశారు గానీ, 'పండే కదా' అని అంజీర్ గుప్పెడు తినేవారు. ఇప్పుడు డాక్టర్‌ని అడిగి, రోజుకి ఒకటితో ఆపుతున్నారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి.

వంటకి వస్తే, నానిన అంజీర్, ఖర్జూరం మెత్తగా రుబ్బి, కాస్త నెయ్యిలో దగ్గరపడేదాకా వేయించి, జీడిపప్పు, బాదం పలుకులు కలిపి ముక్కలు కోస్తే చక్కెర వేయని బర్ఫీ. పిల్లలకి చాలా ఇష్టం. సేమ్యా పాయసంలోనూ బావుంటుంది, చక్కెర తగ్గించి వేయండి. పచ్చి కాయ మాత్రం పాలలో వేయకండి, దాని నుంచి కారే తెల్లటి జిగురుకి పాలు విరిగిపోతాయి. ఆ జిగురు చర్మానికి తగిలితే కొందరికి దురద, మంట కూడా.

మన ఊళ్లలో వాగుల పక్కన కనిపించే మేడి అంజీర్‌కి చుట్టమే, కానీ రెండూ ఒకటి కాదు.