ఇంట్లో కిడ్నీ మార్పిడి అయిన మనిషి ఉంటే కళ్ళకలకని తేలిగ్గా తీసుకోకండి

"పిల్లాడికి కళ్ళకలక, జ్వరం. కళ్ళకలక తెచ్చే అడెనోవైరస్ అన్నారు. ఇంట్లో మామగారికి కిడ్నీ మార్పిడి అయింది, కంగారు పడాలా?" అని ఒకరు అడిగారు. పిల్లాడికేం కాదండీ, వారం పది రోజుల్లో లేచి ఆడుకుంటాడు. మామగారి విషయంలోనే జాగ్రత్త పడాలి, పెట్టిన కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా వేసే మందులు ఒంట్లో రోగాలతో పోరాడే శక్తిని తగ్గిస్తాయి కాబట్టి.

2023 వానాకాలంలో మా చిన్నాడు బడి నుంచి కళ్ళకలక తెచ్చుకున్నాడు. మా ఆయనకి అప్పటికి కిడ్నీ పెట్టి నాలుగేళ్లు. ఇంట్లో అందరం కళ్ళలోకి చూసుకోకుండా తిరిగాం కానీ, ముఖం తుడుచుకునే తువ్వాలు మాత్రం ఒకటే! చూపుతో అంటుకుంటుందన్న మాట ఎవరు పుట్టించారో గానీ, దాని ధ్యాసలో పడి అసలు జాగ్రత్త మరిచిపోతాం.

పది రోజులకి ఒక తెల్లవారుజామున ఆయన బాత్రూంలోంచి "ఒకసారి ఇలా రా" అని పిలిచారు. కమోడ్‌లో తాంబూలం ఉమ్మినట్టు ఎరుపు, మధ్యలో చిన్న గడ్డలు. మంటకి గోడ పట్టుకుని నిలబడ్డారు. దగ్గర్లోని డాక్టరు మామూలు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాశారు. మూడు రోజులు వృథా. బ్యాక్టీరియా కోసం చేసే మూత్రం కల్చర్‌లో ఏమీ రాలేదు, కిడ్నీ పని మందగిస్తే పెరిగే క్రియాటినిన్ 1.2 నుంచి 2.3కి పోయింది. అప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో ఎవరికైనా కళ్ళు ఎర్రబడ్డాయా?" వైరస్‌ని పట్టే మూత్రం పీసీఆర్ పరీక్షలో అడెనోవైరస్ తేలింది.

దీనికి నేరుగా పనిచేసే మంచి మందు లేదు. సిడోఫోవిర్ అనే వైరస్ మందు ఉంది కానీ అది కిడ్నీనే దెబ్బతీస్తుందని పక్కన పెట్టారు. పోరాడే శక్తిని అణిచే మందుల్లో ఒకటైన మైకోఫెనోలేట్ మోతాదు తగ్గించి, సెలైన్ ఎక్కించి, ఒంటికే పోరాడే వీలిచ్చారు. మూడు వారాలు పట్టింది.

శానిటైజర్‌ని నమ్ముకోకండి. ఈ వైరస్‌కి కొవ్వు పొర లేదు కాబట్టి దానికి సరిగా లొంగదు. సబ్బుతో, పారే నీళ్ళ కింద చేతులు కడగాలి. తలుపు గడియలు బ్లీచింగ్ నీళ్ళతో తుడవాలి, వాటిమీద వారాల తరబడి బతికుంటుంది. మెడికల్ షాపువాళ్ళిచ్చే స్టెరాయిడ్ చుక్కలు పిల్లాడి కళ్ళలో వేయొద్దు. మా తోడికోడలు వేసి నెలల తరబడి చూపు మసకతో బాధపడింది.

మామగారికి జ్వరమొచ్చినా, మూత్రం రంగు మారినా, విరేచనాలైనా ఆ రోజే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకి ఫోన్ చేసి, పిల్లాడి కళ్ళకలక సంగతి ముందు చెప్పండి. పెట్టిన కిడ్నీని కాపాడే టాక్రోలిమస్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఈ రాత్రికే ఆయన తువ్వాలు, దిండు వేరు చేసేయండి.