ఈఎస్‌ఎల్ కాగితం మీద ‘వద్దు’ అని సంతకం పెట్టకండి

ప్రశ్న: మేం ఈ జూన్‌లో కూకట్‌పల్లి నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వచ్చాం. పాప మొదట్నుంచీ ఇంగ్లిష్ మీడియమే. సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతి పూర్తిచేసి వచ్చింది. ఇక్కడ పబ్లిక్ స్కూల్లో పదో గ్రేడ్‌లో చేర్చుకున్నారు. ఏదో పరీక్ష పెట్టి ఈఎస్‌ఎల్ (ఇంగ్లిష్ మాతృభాష కాని పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే కార్యక్రమం) అవసరం అన్నారు. లెక్కల్లో జామెట్రీ ఇచ్చారు. పక్కింటి తెలుగువాళ్లమ్మాయి ఇదే గ్రేడ్‌లో ప్రీకాల్క్యులస్ చేస్తోంది. ఈఎస్‌ఎల్ వద్దని రాసిచ్చి, వచ్చే ఏడాది ఐదారు ఏపీలు (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు) పెట్టిద్దామని మావారు అంటున్నారు. పాప స్కూలు నుంచి రాగానే గదిలో తలుపేసుకుంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఈఎస్‌ఎల్ సంగతి. మీవారిని నాలుగు రోజులు ఆగమనండి.

పాపను చేర్చేటప్పుడు ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని ఒక ఫారంలో అడిగి ఉంటారు. మీరు తెలుగు అని రాశారు, అది నిజమే. అక్కడ ఇంగ్లిష్ కాక వేరే భాష కనిపిస్తే పరీక్ష పెట్టి తీరాలన్నది టెక్సస్ రాష్ట్రమంతటా ఉన్న నియమం. మీ పాపను తక్కువ చేసి పెట్టింది కాదు. అందులో వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ చూస్తారు. మన దగ్గర ఇంగ్లిష్ మీడియంలో పిల్లలు పాఠం చదువుతారు, జవాబు రాస్తారు. టీచర్ ముందు నిలబడి తన అభిప్రాయం తన మాటల్లో చెప్పే సందర్భం ఎన్నిసార్లు వస్తుంది? అందుకే క్లాసులో మొదటి వరసలో కూర్చున్న పిల్లలు కూడా మాట్లాడే భాగంలో తడబడతారు.

వద్దని రాసివ్వడానికి మీకు హక్కుంది. కానీ రాసిస్తే పోయేది సాయం ఒక్కటే. రికార్డులో పాప ‘ఎమర్జెంట్ బైలింగ్వల్’ గానే, అంటే ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న విద్యార్థిగానే ఉంటుంది. అలాంటి పిల్లల ఇంగ్లిష్‌ను కొలిచే టెల్పాస్ పరీక్ష ఏటా వసంతకాలంలో రాయక తప్పదు. పరీక్ష ఉంచుకుని నేర్పే టీచర్‌ను వదులుకోవడం నాకైతే సమంజసంగా కనిపించదు. పైగా డిప్లొమా కోసం రాసే రాష్ట్ర పరీక్షల్లో ఇంగ్లిష్ కూడా ఉంది, అందులో వ్యాసం సొంతంగా రాయాలి. ఈఎస్‌ఎల్ టీచర్ పనికొచ్చేది సరిగ్గా అక్కడే. టెల్పాస్, రాష్ట్ర ఇంగ్లిష్ పరీక్ష, టీచర్ అంచనా ఈ మూడూ బాగుంటే ఈఎస్‌ఎల్ నుంచి బయటికి తెస్తారు. దాన్నే లక్ష్యంగా పెట్టుకోండి.

ఇక లెక్కలు. మీకు అసలు బెంగ ఇక్కడే ఉందనుకుంటాను. ఇక్కడ లెక్కలు మనలాగా ఏటా అన్నీ కలిపి చెప్పరు. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్ అని మెట్లు మెట్లుగా ఉంటాయి. పక్కింటి అమ్మాయి ఏడో గ్రేడ్‌లోనే ఆల్జీబ్రా 1 మొదలుపెట్టి ఉంటుంది. ఆమె మీ పాప కంటే తెలివైనదని దాని అర్థం కాదు, మెట్లు ముందుగా ఎక్కడం మొదలుపెట్టింది, అంతే. మీ పాప ఇలాగే వెళ్తే పన్నెండులో ప్రీకాల్క్యులస్ దగ్గర ఆగుతుంది. ఇంజినీరింగ్ ఆలోచన ఉంటే కాల్క్యులస్ అందుకోవడం మంచిది. దానికి దారులున్నాయి. వేసవిలో ఒక కోర్సు పూర్తిచేయవచ్చు, లేదా ఒకే ఏడాది రెండు లెక్కల కోర్సులు తీసుకోవచ్చు. క్రెడిట్ బై ఎగ్జామ్ అని ఇంకొకటుంది. క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి 80 మార్కులు తెచ్చుకుంటే ఆ కోర్సు క్రెడిట్ వస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకంలో త్రిభుజాలు, వృత్తాలు చదివింది కాబట్టి జామెట్రీ మొత్తం కొత్తేం కాదు. కాకపోతే త్రికోణమితి మన దగ్గర పదిలో మొదలవుతుంది, ఆ భాగం కూర్చుని చదువుకోవాలి. ఏ దారైనా పాప సరేనంటేనే.

ఐదారు ఏపీల మాటకు మాత్రం నేను ఒప్పుకోను. ఏపీలు ఎక్కువైతే స్కూల్లో ర్యాంకు పెరుగుతుందని మీవారి మనసులో ఉండి ఉంటుంది. 1997 నాటి చట్టం ప్రకారం హైస్కూల్లో మొదటి 10 శాతంలో ఉన్నవారికి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. యూటీ ఆస్టిన్ ఒక్కటి దాన్ని 2026 ఫాల్ ప్రవేశాల నుంచి 5 శాతానికి కుదించింది. ఆ ఖాయం కూడా యూనివర్సిటీ వరకే, కోరుకున్న కంప్యూటర్ సైన్సుకు కాదు. ఈ దారికి కావలసిన డిస్టింగ్విష్డ్ లెవల్ (డిప్లొమాలో పై స్థాయి)కు నాలుగు లెక్కల క్రెడిట్లు, వాటిలో ఆల్జీబ్రా 2 ఉండాలి. పరుగులు తీయకుండానే మీ పాప అక్కడికి చేరుతుంది. వచ్చే ఏడాదికి తనకు నచ్చిన సబ్జెక్టుల్లో ఒకటో రెండో ఏపీ చాలు. కొత్త దేశంలో మొదటి ఏడాది గడిపిన పిల్ల మే నెలలో వరసగా ఆరు ఏపీ పరీక్షలు రాయాలంటే నిద్ర ఎక్కడ మిగులుతుందమ్మా?

నాకు అన్నిటికంటే బాధనిపించింది మీ చివరి మాట, తలుపేసుకుంటోందన్నది. ఉత్తరం మొత్తంలో పాపకు ఏది ఇష్టమో మీరు రాయలేదు. ఇక్కడి హైస్కూల్లో ప్రతి పిల్లకూ ఒక కౌన్సిలర్ ఉంటారు. వాళ్లు కోర్సుల గురించే కాదు, స్నేహితులు లేక ఒంటరిగా తింటున్న పిల్లల గురించి కూడా పట్టించుకుంటారు. కానీ అడగాలి. మన దగ్గరలాగా స్కూలు నుంచి పిలుపు వస్తుందని కూర్చుంటే సెమిస్టర్ గడిచిపోతుంది. ఈ వారమే ఈమెయిల్ రాసి సమయం అడగండి. పాపను వెంట తీసుకెళ్లండి, ముందు తనను మాట్లాడనివ్వండి. ఇంగ్లిష్‌లో వివరంగా చెప్పలేననిపిస్తే దుబాసీ కావాలని ముందే అడగండి, అందులో నామోషీ ఏం లేదు.

ఆ రోజు ఇంకో రెండు విషయాలు అడగండి. పాపకు వైద్యం వైపు ఆసక్తి ఉంటే ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌కు 2008 నుంచి సీటీఈ సెంటర్ (వృత్తి, సాంకేతిక కోర్సులు నేర్పే కేంద్రం) ఉంది, హెల్త్ సైన్స్ కోర్సులు ఎప్పుడు తీసుకోవచ్చో కనుక్కోండి. వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునేది సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే కాబట్టి ఎక్కువ సమయం లేదు. రెండోది, డిప్లొమాకు వేరే భాషలో రెండు క్రెడిట్లు కావాలి. పాపకు తెలుగు చదవడం, రాయడం వచ్చుంటే ఆ క్రెడిట్లకు తెలుగులో పరీక్ష రాసే వీలుందా అని అడగండి. ఆ ప్రశ్న మాత్రం మీరు కాకుండా పాపే అడిగితే బాగుంటుంది.