ఇల్లు నిండే ముందు: కొత్త కోడలికి అత్తమ్మ రాసిన ఉత్తరం

బిడ్డా,

మొన్న ఫోన్ల నీ గొంతు విన్నకాడి నుంచి మనసంత మీ ఇంటి మీదనే ఉన్నది. "క్రిస్మస్‌కు ముప్పై మంది వస్తున్నరు అత్తమ్మా, సగం మంది నాకు తెల్వనే తెల్వదు" అన్నవు. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవు. అందుకే రాస్తున్న, దాచిపెట్టుకో.

నీ లెక్కనే నేను గూడ మారు లగ్గం మీదనే ఈ ఇంటికొచ్చిన. అప్పటికి మీ మామయ్యకు ఇద్దరు పిల్లలు, వాళ్ల తల్లి పోయింది. తొలి క్రిస్మస్‌కు ఇల్లంత సున్నమేయించి, పిల్లల తల్లి ఫోటో తీసి బీరువా మీద పెట్టిన. మనసుల చెడ్డ ఏం లేదు, సున్నం మరకలైతయని తీసిన, అంతే. గోడకు మేకు ఖాళీగ ఉన్నదని దానికి కాయితం నక్షత్రం కట్టిన. పండుగ పొద్దున పెద్దపిల్ల, ఏడేండ్లది, కొత్త గౌను చేతుల పట్టుకొని ఆ మేకు దిక్కే చూసుకుంట నిలబడ్డది. "చిన్నమ్మా, మా అమ్మేది?" అన్నది. పగటీలి వాళ్ల అమ్మమ్మ వచ్చింది. గోడ చూసింది, గ్లాసెడు నీళ్లు తాగింది, ముద్ద ముట్టకుండ బస్సెక్కింది. ఆ మాపే ఫోటో మళ్ల పెట్టిన గని, ఆమె మా ఇంట్ల అన్నం తినెటందుకు రెండేండ్లు పట్టింది.

నువ్వు ఆ తప్పు చెయ్యకు. మీ ఇంట్ల పోయిన ఆ పిల్లల తల్లి ఫోటో ఉన్నకాన్నే ఉండనియ్యి. నీ చేతులతోనే తుడిచి, రెండు చేమంతులు పెట్టు. పిల్లలు చూడాలె నువ్వు పెట్టేది.

పిల్లల అమ్మమ్మను, తాతను పిలువనీకి మీ ఆయనతోని ఫోన్ చేయించి ఊకోకు. డిసెంబర్ మొదటి వారంలనే పిల్లలను తీస్కొని నువ్వే పో. పోయినప్పుడు ఆ తల్లిని ఒక్కటడుగు: "అమ్మా, గరిజెలు నువ్వే వచ్చి చెయ్యాలె, పిల్లలకు నీ చేతి గరిజెలే అలవాటు." నువ్వు పదిరకాలు చేసినా ఆ మాటతోని సమానం గాదు. రెండొద్దులు ముందే వచ్చి కూసుంటది. నువ్వులు, బెల్లం తెచ్చిపెట్టి పీట వేసియ్యి. ఆమె మడుస్తుంటే పక్కకు కూసోని అంచులు ఒత్తు. పోయిన తన బిడ్డ ముచ్చట్లు ఆమెనే చెప్తది, నువ్వు వినుకుంట ఉండు, మధ్యల నీ మాట కలుపకు.

మన తెలంగాణల 26 గూడ సర్కారు సెలవే గదా, దాన్ని వాడుకో. 25 మీ ఇంట్ల, 26 పిల్లలు అమ్మమ్మ ఇంట్ల. ఇది పిల్లలకు ముందే చెప్పు. నువ్వు తోలుకొచ్చిన నీ బిడ్డ వాళ్ల నాయిన దగ్గరికి ఎప్పుడు పోతదో అది గూడ ఇప్పుడే తేల్చు. పండుగ నాడు పిల్లలను నడిమిట్ల నిలబెట్టి "ఎటు పోతవ్?" అని అడుగొద్దు.

బట్టల సంగతి. ముగ్గురికి ఒక్కటే రంగు తీస్తనన్నవు. వద్దు బిడ్డా. పెద్దలకు ముచ్చటనిపిస్తది గని, పిల్లలకు అందరి ముందట చూపెట్టినట్టైతది. ఒక్కటే దుకాణం, ఒక్కటే ధర, ఎవరిది వాళ్లే ఏరుకోనియ్యి.

చర్చి కాడ గుంజులాట పెట్టుకోకు. మనది ఎంబీ (మెనోనైట్ బ్రదరెన్) చర్చి, పొద్దున ఆరాధన. పిల్లల తాతోళ్లది ఆర్సీఎం, అంటే కేథలిక్కులది, 24 రాత్రి పూజ. 1976ల నల్లగొండ మేత్రాసనం (ఒక బిషప్ కింది ప్రాంతం) అయినప్పుడు ఆయన పడుచు పిల్లగాడు, ఆ ముచ్చట ఇప్పటికీ చెప్తడు. మనుమలను రాత్రి పూజకు తీస్కపోతనంటే పంపియ్యి, పొద్దున లేవకపోతే పండనియ్యి. మెదక్ చర్చి గుడికి పోదామని ఎవరో అన్నరంట. 1924ల ఆ గుడి తెరిచింది గూడ డిసెంబర్ 25 నాడే. క్రిస్మస్ నాడు తెల్లారకముందే ఇసుకేస్తే రాలనంత మంది ఉంటరు. ముసలోళ్లతోని, పసిపిల్లలతోని ఆ రోజు వద్దు. జనవరిల పోండ్రి.

ఇగ మీ తమ్ముడు. అయ్యప్ప మాల వేసుకున్నడు, రానంటున్నడు అన్నవు. రాకుంటే పాయె అనుకోకు, నీ పుట్టింటి నుంచి వచ్చేదే నలుగురు. వాళ్ల నియమం ఏందో అతన్నే అడుగు, నీకు తోచింది చెయ్యకు. ఇంట్ల తిననంటే, మీ అమ్మ బయటి అర్రల వేరే పొయ్యి మీద కొత్త గిన్నెలల్ల వండిపెడ్తది. అదీ వద్దంటే, భోజనాలై ఇల్లు కడిగినంక మాపు రమ్మను, పండ్లు పెట్టు. పిల్లలను "స్వామి" అని పిలువుమను. పెద్దకూర (గొడ్డు మాంసం) మనింట్ల వండుకుంటం, దాంట్ల సిగ్గేం లేదు. గని ఈసారి 25 నాడు వద్దు, మీ అమ్మానాయినలు మొదటిసారి నీ ఇంట్ల పండుగకు కూసుంటున్నరు. 26 నాడు వండుకోండ్రి.

వంటకు బుగులు పడకు. ముప్పై మందికి బగారకు నాలుగు కిలోల బియ్యం, ఐదు కిలోల మటన్. మటన్‌కు ముందురోజే చెప్పిపెట్టు, పండుగ పొద్దున వరుస తెగదు. అల్లం ఎల్లిగడ్డ రాత్రే నూరిపెట్టుకో. మాంసం తిననోళ్లకు పప్పు, వంకాయ ముందు వండి పక్కకు పెట్టు, గంటె గూడ వేరే. వడ్డించేది నీ ఆడబిడ్డలకు, మరదండ్లకు అప్పజెప్పు. నువ్వు ఆ పూట పొయ్యి కాడ కాదు, మనుషుల నడుమ కూసోవాలె.

తినే ముందు ప్రార్థన మీ మామతోని చేయించు. పిల్లల తల్లి పేరు అందుల తియ్యుమని ఆయనకు ముందే చెప్పు. ఆ పేరు వినవడంగనే పిల్లల అమ్మమ్మ ఏడుస్తది. ఏడ్వనియ్యి, నువ్వు ఆమె పక్కకే కూసో.

డేక్సా కొనకు, కిరాయికీ తేకు. మా ఇంట్ల పెద్దది ఉన్నది. 23 నాడు పొద్దుగాల బస్సుకు నేనే తీస్కొని వస్త, బస్టాండుకు మనుమన్ని పంపు.

మీ అత్తమ్మ